పుట్టిన నాటి అర్థం

నల్లగొండ కోర్టుల ఫ్యాను తిరుగుతది గని గాలి రాదు.
అవతలి వకీలు నున్నగ మాట్లాడుతుండు:
"మాటకు పుట్టిన నాటి అర్థమే అర్థం, సార్.
రాజ్యాంగం రాసిన్నాడు వెట్టి అంటే
పైస ఇయ్యకుండ పని చేపిచ్చుకునుడు.
జానయ్యకు ఇరవై వేలు అడ్వాన్సు ముట్టింది.
ఇగో, ఏలిముద్ర."

ఏలిముద్ర నిజమే.
క్వారీ గేటు తాళం గూడ నిజమే,
అది కాయితం మీద లేదు.
పెండ్లాం పురుటికి పోయొస్తనంటే
గుమస్త బుక్కు తెరిచి
"ఇంకా పదకొండు వేల మూడొందలు" అన్నది నిజమే.

అర్థాలు కాలంతోని పెరుగుతయి అందామనుకున్న.
లా కాలేజీల నేర్చిన మాట,
నోట్లె సున్నం లెక్క అంటుకుంది.
వాయిదా అడిగిన.

దేవరకొండ బస్సు దిగి
అమ్మమ్మ చెల్లె ఊశమ్మ కాడికి పోయిన.
ఎనభై ఆరేండ్లు. సగం చెవుడు.
బోరునీళ్లు వంచిన మోకాళ్లు
బత్తాయి తోట గట్టు మీద చాపుకొని కూసుంది.

"అమ్మా, వెట్టంటే ఏంది?"

"గదేం అడుగుడురా,
దూపంటే ఏందన్నట్టు."

కొంచెం సేపు చీమల్ని చూసింది.

"దొర కచ్చురం ముందల ఉరికేటోళ్లం.
ఎద్దులకంటె ముందల.
పల్లేరు గుచ్చినా ఆగేది లేదు,
ఆగితే ఎద్దుల ఊపిరి ఈపుకు తాకుతది.
ఒక్కోపారి గుప్పెడు జొన్నలు పోశెటోళ్లు."

"పోస్తే కూలే గద?"

"కూలెట్లయితదిరా?
ఇయ్యాల నేను రాను అననియ్యకపోతే
బంగారం పోసినా వెట్టే."

రాసుకున్న. చెయ్యి వణికింది, ఎండకో ఎందుకో.
పుట్టిన నాటి అర్థమే కావాల్నా వకీలు సాబ్,
ఆ మాట నీ నిఘంటువుల పుట్టలేదు,
ఈమె అరికాళ్ల పుట్టింది.

లేవబోతుంటే కొంగు సర్దుకుంట అడిగింది:
"గా రూలు ఏనాటి నుంచి?"
"యాభై. జనవరి."
"మిలిటరోళ్లు ఊరవతల డేరాలేసిన ఏడా?"
"ఆ ఏడే."
ఏళ్లు ముడిచి లెక్కపెట్టింది, మళ్ల ఇప్పింది.
"ఆ దినం గూడ ఉరికిన బిడ్డా.
నాకెవలు చెప్పలే."

తెల్లారి కోర్టు కారిడార్ల కాయితం నింపుతున్న.
సాక్షి పేరు. తండ్రి పేరు. వయసు.
చదువు:
ఆడ పెన్ను ఆగింది.
లోపల జానయ్య కేసు పిలుస్తుండ్రు.