గొంతు నమోదు

మైకుకు అనుమతి ఇవ్వాలా అని అడిగింది లాప్‌టాప్.
ఇచ్చినాను.
గదిలో ఇంకెవరినీ అడగలేదు.

మారతహళ్ళి పీజీ, మూడో అంతస్తు, ముగ్గురం.
నైట్ షిఫ్ట్ దిగొచ్చిన తబస్సుమ్
కళ్ళకు చున్నీ కట్టుకుని పండుకుంది.
విరజ పరీక్ష పుస్తకం మీదే ఒరిగిపోయింది.

దుప్పటి ముసుగేసుకుని
తెర మీది వాక్యాలు చదివాను, గుసగుసగా:
ఈ రోజు వాన పడుతుందా?
పొద్దున ఆరుకు లేపు.
మళ్ళీ చెప్పండి, అంది.
కొంచెం దగ్గరగా, అంది.
పెదవులు కీబోర్డుకు తగిలేంత దగ్గరికి పోయాను.
అయిదోసారికి పచ్చ టిక్కు:
మీ గొంతు నాకిప్పుడు తెలుసు.

ఆదివారం ఇద్దరూ ఊళ్ళకు పోయినారు.
బట్టలు ఆరేస్తూ, నిండుగా,
రాయదుర్గంలో మూడు మిద్దెల అవతలికి వినపడే
నా గొంతుతో పిలిచాను.
పలకలేదు.
ఇంకా గట్టిగా పిలిచాను.
కింద నుంచి ఓనరమ్మ "ఏనమ్మా?" అంది.
తెర మీద మాత్రం:
ఇది నమోదైన గొంతు కాదు.

తడి చేతులు నైటీకి తుడుచుకుని
సెట్టింగుల్లోకి వెళ్ళాను.
పాత గొంతు తీసేయాలా?

తీసేద్దామనే వేలు పెట్టాను.
ఎవరూ నిద్రపోని ఆ గదిలో
ఎందుకో గుసగుసగా
"ఉండనీలే" అన్నాను.

చెప్పండి, అంది.