కారణం గడి

మొదటి రోజు మాకిచ్చినవి
ఒక జత చేతితొడుగులు, మోకాళ్ల కింద వేసుకునే దిండు,
చెంచాకన్నా కాస్త పెద్ద తవ్వుగోల.
జీతం గురించి కాగితంలో ఒక్క ముక్క ఉంది.
దోమల గురించి లేదు.

ముగ్గురం:
నేను, కరాషోక్ నుంచి వచ్చిన ఆస్లాక్,
ఎప్పుడూ తడి సాక్స్‌తోనే తిరిగే ఈడున్.
యూనివర్సిటీలో మొక్కల్ని
తెరమీద పెద్దవి చేసి చూసినవాళ్లం.
ఇక్కడివి బెత్తెడు ఎత్తు కూడా లేవు.
ఉత్తర నార్వే కొండగాలిలో
ఎదగడం కన్నా అణిగి ఉండడమే బతుకని
ఎప్పుడో తేల్చుకున్నాయి.

జూన్‌లో సూర్యుడు ఇంటికి పోడు.
రాత్రి పదకొండుకి కూడా ఫియోర్డ్ మీద
పనిలేని చుట్టంలా కూర్చునే ఉంటాడు.
నిద్రపట్టని ఒక రాత్రి (రాత్రి అనాలా దాన్ని?)
ఒక్కదాన్నే తోటకెళ్లి
హిమాలయాల రాతిమడిలో కలుపు తీశాను.
ఎవరూ చెప్పలేదు. మంచిపని అనుకున్నాను.
నాచు, నాచు, గడ్డి, మళ్లీ నాచు.
వేళ్లతో సహా ఊడొచ్చిన ప్రతిసారీ
పంటి సందులో ఇరుక్కున్నది వచ్చేసినంత హాయి.

పొద్దున
టోర్బ్యోర్గ్ ఆ మడి దగ్గరే నిలబడి ఉంది.
అరవై దాటిన మనిషి,
ఆవలింత కూడా ఆచితూచి తీస్తుంది.
"ఇక్కడో పచ్చటి మెత్త ఉండాలి,
కోటు బొత్తాం అంత" అంది.
పదకొండేళ్ల కింద విత్తిందట.
ఏడాదికి బియ్యపుగింజంత పెరిగిందట.
ఇంకా ఒక్కసారీ పూయలేదట.

ఎరువుగుట్ట దగ్గరికి పరిగెత్తాను.
ఆస్లాక్ ఏమీ అడక్కుండా వెంట వచ్చాడు.
రెండు గంటలు చేతులతో గాలించాం.
బతికున్న నాచు బోలెడు దొరికింది.

తిడుతుందనుకున్నాను.
ఆఫీసులో లావుపాటి రిజిస్టర్ తీసి నా ముందు పెట్టింది.
చచ్చిపోయిన మొక్కల పద్దు.
నంబరు, పేరు, తేదీ, కారణం.
"నువ్వే రాయి. ఇది కూడా ట్రైనింగే."

పెన్ను పట్టుకుని పాత పేజీలు తిరగేశాను,
ధైర్యం కోసం కాదు, ఆలస్యం కోసం.
మంచు. మంచు. మంచు పడకపోవడం.
రెయిన్‌డీర్. నత్తలు. తెలియదు.
పెళ్లి ఫొటోగ్రాఫర్.
తెలియదు, తెలియదు.
1985 ఆగస్టులో,
గుండ్రటి పిల్లరాతతో, కారణం గడిలో
ఒకే ఒక్క మాట: నేను.
పక్కన 'టో' అని పొట్టి సంతకం.

తలెత్తాను.
ఆవిడ వీపు ఇటు పెట్టి
కెటిల్‌లో నీళ్లు పోస్తోంది.
కొలత చూసుకుంటూ, అవసరమైనదాని కన్నా ఎక్కువసేపు.

నా గడిలో ముందు
'పొరపాటున తొలగింపు' అని రాశాను.
ఎవరో వచ్చి పీకేసి పోయినట్టుంది,
కర్త లేని వాక్యం.
కొట్టేశాను.

మడిలో పేరు పలక మాత్రం అలాగే ఉంది.
తీయొద్దందో, తీయడం మర్చిపోయిందో, నేనడగలేదు.
జులైలో ఓడలు దిగిన జనం
నీలిపాపీల పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు,
టాయిలెట్ ఎటని మమ్మల్ని అడుగుతారు.
వాళ్లలో చేతికర్ర పట్టుకున్న ఒకాయన
ఆ పలక దగ్గర ఆగిపోయాడు.
వంగాడు. కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.
"ఎంత చిన్నదో, నా కంటికి ఆనడం లేదమ్మా" అన్నాడు.

ఈడున్ బెంచీ మీద సాక్స్ పిండుకుంటూ
నా వంకే చూస్తోంది.
"అక్కడేం లేదండీ" అన్నాను.
"కలుపనుకుని పీకేశాను."

ఆయన కాసేపు నా చేతులు చూశాడు.
గోళ్లలో ఇంకా మట్టి.
ఏదో అంటాడనుకున్నాను.
కర్ర మీద ఆనుకుని
మళ్లీ వంగాడు,
ఆ ఖాళీలోకే.