ఆరో అంకె

సంఘం ఖాతాకు రెండు తాళాలు.
ఒకటి నా నెత్తిల ఉంటది,
కాయితం మీద యాడ రాయలే.
రెండోది మణ్యెమ్మక్క ఫోనుకు ఒస్తది,
ఆరంకెలు,
రెండు నిమిషాల ఆయుష్షు.

అచ్చంపేట దాటి అడివి మొదలయ్యే కాడ మా ఊరు.
పంచాయితి ఆఫీసుకు తీగ నెట్టు ఒచ్చింది గని
సిగ్నలు మాత్రం ఏనుగు గుండు మీదనే.
అందుకే నేను కింద, కంప్యూటరు ముంగట.
ఆమె మీద, చెప్పులు చేత వట్టుకొని.

మొదట్ల ఉత్తగనే ఒర్రేది:
నాలుగూ! తొమ్మిదీ! సున్నా!
"ఊరంత ఇంటున్నరక్కా" అన్న.
మర్సటి వారం నుంచి జీవాల లెక్క:
నాలుగు మేకలు, తొమ్మిది గొర్లు...
సున్నాకు ఏ జీవం దొరకక
"గుడ్డు" అన్నది.
గొర్లు కాసే బీరయ్య మందంత కలెజూసుకున్నడు,
గుడ్డు వెట్టింది ఏదని.

ఒకనాడు ట్రాక్టరు కిరాయి మాట్లాడనీకి గుండెక్కితే
ఎవడో ఫోన్ జేసిండంట,
చెరిగిన బియ్యమసొంటి తెలుగుల:
"బ్యాంకు నుంచమ్మా, ఇప్పుడొచ్చిన నెంబరు చెప్పండి."
"మా పిల్ల కింద కుర్చీల కూసుంటెనే నేను అంకెలు జెప్పేది.
నువ్వు యాడ కూసున్నవ్ బిడ్డా?"
వాడు పెట్టేసిండు.

ఆ దినం నేను ఖాతా తెరవనే లేదు.
అడగని నెంబరు ఒచ్చిందంటే
మొదటి తాళం ఎవని చేతులనో పడ్డట్టే.
"ఎవ్వనికి జెప్పినవే?" అన్నది అక్క.
ఆ ఒక్క మాటకు నా ముఖం మాడిపోయింది.
తాళం మార్చిన. మాట బంద్ జేసిన.

ఇరవై దినాలు.
నేను ఆఫీసుల, ఆమె గుండు మీద.
మా నడుమ మేకలు, గొర్లు, ఒక గుడ్డు,
ఇంకో ముచ్చట లేదు.

నిన్న అయిదే ఒర్రింది.
ఆరోది రాలే.
తెర మీద సెకండ్లు రాలుతున్నయి.
ఉర్కి బయటికొచ్చి చూస్తే
కొంగు నడుముకు చెక్కి, నా దిక్కే చూస్తుంది.

"ఎవ్వనికి జెప్పలేదక్కా!" అని ఒర్రిన.
"చీరెలు కొనే యాప్‌కు గూడ
అదే తాళం వెట్టిన్న!"

ఇప్పుడు నిజంగ ఊరంత ఇన్నది.
గుండు మీద నవ్విందో, దగ్గిందో.
"ఏడు కోళ్లు" అన్నది.

లోపలికి పోయేసరికి గడువు తీరింది.
మళ్ల పంపమని ఒత్తిన.
ఆమె ఇంక దిగలే.