ముప్పై రెండు అంగుళాలు

ప్రొఫెసర్ ఓర్లీన్ బెక్విత్ సంచిలో చెయ్యి పెడితే
పుస్తకాలకన్నా ముందు తగిలేది
వడ్రంగి వాడే కొలత టేపు.
మొదటి అంగుళం అరిగి అంకె చెరిగిపోయింది.
అందుకని రెండో గీత నుంచి కొలిచి
చివర్న ఒకటి తీసేసేది ఆవిడ.

టొలీడోలో ఏ బడికెళ్లినా అంతే,
హెడ్‌మాస్టర్ చాచిన చెయ్యి గాల్లో ఉండగానే
గుమ్మానికి టేపు పట్టేది.
"ముప్పై రెండు లేకపోతే
చక్రాల కుర్చీకి ఇది తలుపు కాదండీ, గోడ."
వెనక నిలబడి నవ్వుకునేవాళ్లం మేం,
రేపోమాపో టీచర్లం కాబోయేవాళ్లం.

మొదటి రోజు సిలబస్ పంచలేదు.
ఒక పాత ఫారం నకలు పంచింది.
పిల్లవాడి పేరు: లూషస్ ప్రూయిట్. వయసు తొమ్మిది.
చదువు చెప్పదగినవాడు కాడు.
కింద గుండ్రటి సంతకం,
కొత్త ఉద్యోగంలో చేరినవాళ్ల పొందికైన రాత.
"ఎవరిదో చదవండి" అంది.
చదివాం.
ఆవిడదే.

నేలమాళిగలో, బాయిలర్ పక్క గదిలో ఆవిడ తొలి క్లాసు.
పదకొండుమంది పిల్లలు. తొమ్మిదిమంది నల్లవాళ్లు.
పైన బడిలో నలుగురికి ఒక్కరే.
"ఈ లెక్క కట్టడానికి నాకు ఆరేళ్లు పట్టింది.
నేనూ నల్లదాన్నే."

లూషస్ మాట్లాడేవాడు కాదు.
బాయిలర్ దడదడలాడబోయే అర నిమిషం ముందే
చెవులు మూసుకునేవాడు.
వాణ్ని చూసే జానిటర్ పరిగెత్తేవాడు వాల్వు తిప్పడానికి.
"ఇది రాయడానికి ఫారంలో గడి లేదు.
లేదు కదా అని
నేనూ రాయలేదు."

వాణ్ని ఏ ఆశ్రమానికి పంపారో చెప్పలేదు.
బోర్డు తుడిచి, మార్జిన్లో ఎలా రాయాలో నేర్పింది,
గడి చాలకపోతే కాగితం వెనక్కి తిప్పమంది,
అదీ చాలకపోతే ఇంకో కాగితం కుట్టమంది.

స్కూల్ బోర్డు మీటింగుల్లో
మూడు నిమిషాలకి మైకు కట్టేసేవాళ్లు.
వచ్చే నెల వెళ్లి
ఆగిన వాక్యం సగం నుంచి అందుకునేది.
పదకొండేళ్లు సాగిన వాక్యాలున్నాయి ఆవిడ దగ్గర.
కొన్ని ఇప్పటికీ ముగియలేదు.

రిటైరైన రోజు సన్మానం.
'అందరికీ సమానమైన బడి' అని చెక్కిన ఫలకం.
ఆవిడ దగ్గర చదువుకున్న మార్గరీట్ ఓయ్లర్
వేదిక కిందే, చక్రాల కుర్చీలోంచే మాట్లాడింది.
మైకు వైరు ఆమెదాకా లాగారు.
ఫలకం కుర్చీలో వదిలేసి ఆవిడ కిందికి దిగింది.
మోకాళ్లు పట్టుకుని వంగి, మెట్లు కొలిచింది.
"మూడు మెట్లు, ఇరవై ఒక్క అంగుళాలు.
ఇరవై ఒక్క అడుగుల వాలు చెక్క కావాలి.
ఎవరింట్లో ఉంది?"
చప్పట్లకి సిద్ధమైన చేతులు
ఒళ్లోనే ఉండిపోయాయి.

కారు దాకా సంచి మోసింది నేనే.
లూషస్ కోసం ఎప్పుడైనా వెతికారా, అడిగాను.
బయటికి సాగి ఉన్న టేపు
ఒక్కసారిగా లోపలికి చుట్టుకుంది,
టప్పుమని.