జేబున్న బొంత

మంగళవారం. మానిటోబాలో సున్నాకి ముప్పై రెండు కింద.
చర్చి గోడ పక్కన కార్లన్నీ
గుంజకి పశువుల్లా
కరెంటు తీగలకు కట్టేసి ఉన్నాయి,
ఇంజన్లు బిగుసుకుపోకుండా.

కింద నేలమాళిగలో మేం ఏడుగురం.
మూలన ఫర్నేసు దగ్గుతూ ఉంటుంది.
నాకు అరవై ఒకటి, అందరిలోకీ చిన్నదాన్ని,
అందుకని ఇంకా సూది ఇవ్వలేదు.
ఇస్త్రీ నాది.

కత్తెర అగాథా పెన్నర్‌ది.
బడి కిటికీల తెరలు, ఎవరి పెళ్లిలోనో ఒక్కసారే తొడిగిన గౌన్లు,
మూతపడ్డ మోటెల్ దుప్పట్లు,
అన్నీ ఆ బల్ల మీద చతురస్రాలవుతాయి.
సైనికుల రంగు గుడ్డ వస్తే మాత్రం
పక్కన పడేస్తుంది.
ఏ రంగుని చూసి పారిపోయారో
ఆ రంగు కప్పుకుని ఎవరికి నిద్రపడుతుంది?

ఇంట్లోవాళ్లకి కుట్టే బొంతకి పేరుంటుంది,
మూల మీద ఎర్రదారంతో, పుట్టిన తేదీతో.
మనవడికి పడవలు.
కోడలికి ఆమె కోరిన బూడిద రంగు
(కోరింది గనక కుట్టాం, నచ్చి కాదు).
ఈ బొంతలకి పేరుండదు.
అన్నిటికీ అరవై ఎనభై అంగుళాలే,
నాలుగంగుళాలకో ముడి.
ముడి రెండుసార్లు వేస్తే చాలు.
యుస్తీనా మూడుసార్లు వేస్తుంది.
"ఏ నీళ్లలో ఉతుక్కుంటారో, ఏ రాయి మీదో" అంటుంది.

యుస్తీనా లోవెన్.
నవంబరులో కొర్నేలియస్ పోయాడు.
జనవరిలో ఓ మంగళవారం
అతని చొక్కాలు పంతొమ్మిది
సంచిలోంచి బల్ల మీద కుమ్మరించింది.
గళ్లవి, చారలవి,
మోచేతుల దగ్గర అవతలి వెలుతురు కనిపించేంత అరిగినవి.
"ఇది నా మంచానికి" అంది.

ఇస్త్రీ పెట్టె ఆనించగానే
ఆవిరితోపాటు లేచాయి
డీజిలూ, గోధుమ దుమ్మూ, పిప్పరమెంటూ.
అన్ని ఉతుకుల తర్వాత కూడా.
యుస్తీనా కాఫీ కలుపుకోడానికి వెళ్లింది.
చెంచా చాలాసేపు తిరిగింది.

నీలం చొక్కా ముక్క ఒకటి జేబుతో సహా వచ్చేసింది.
"విప్పేయనా?"
"ఉండనీ."

చట్రం మీద బిగించాక
ఆ రోజు నాకూ సూది ఇచ్చారు.
రెండో ముడికే పొడుచుకున్నాను,
అస్తరు మీద ఓ ఎర్రచుక్క.
"నీ ఉమ్మే రాయి" అంది యుస్తీనా తలెత్తకుండా,
"ఎవరి రక్తం వాళ్ల ఉమ్మికే వదులుతుంది."
వదిలింది. పూర్తిగా కాదు.

మార్చిలో బేళ్లు కట్టే రోజు
యాభై ఉండాలి, నలభై తొమ్మిదే ఉన్నాయి.
రెండుసార్లు లెక్కపెట్టాం.
బయట లారీవాడు గడియారం చూసుకుంటున్నాడు.
యుస్తీనా కోటు తొడుక్కుని
ఏమీ చెప్పకుండా మెట్లెక్కి వెళ్లిపోయింది.
ఇరవై నిమిషాలకి తిరిగొచ్చింది,
చంకలో గళ్లూ చారలూ.
"మంచానికి సరిపోలేదు" అంది.
అబద్ధం. కొలత నాకు తెలుసు,
అంచులన్నీ ఇస్త్రీ చేసింది నేనే.

మడత పెడుతూ జేబు తడిమాను, అలవాటు కొద్దీ.
ఖాళీ.
యంత్రం ఒత్తుతుంటే
యాభై బొంతలు ఒక్కసారి ఊపిరి వదిలాయి.

ఎక్కడికి చేరిందో తెలీదు. కాగితం మీద ఊరిపేరు చదివాను,
పలకడం రాలేదు.
అక్కడి డేరాలో ఎవరో ఓ పిల్ల
తెల్లారుజామున చలికి చేతులు ముడుచుకుంటూ
దుప్పటికి జేబుందని కనిపెడుతుంది.
ముందు వాళ్లమ్మని లేపుతుంది.
తర్వాత దాచడానికేదో వెతుక్కుంటుంది,
గుండీయో, గులకరాయో,
పంచుకోవాల్సిన బిస్కట్టులో సగమో.

ఈ మంగళవారం యుస్తీనా మళ్లీ వచ్చింది.
మోటెల్ దుప్పటి ముక్కల మీద
మూడో ముడి వేస్తోంది.
నన్ను చూసి ఇస్త్రీ బల్ల వైపు గడ్డం ఊపింది.
సూది ఇచ్చే ఉద్దేశం ఇప్పట్లో లేనట్టుంది.