మట్ట కొలత

రాలిన కొబ్బరి మట్ట తెచ్చి, ఆకు కొట్టేసి
కత్తితో మూడు గాట్లు పెట్టాను.
మొదటి గాటు మూడడుగుల పావు, ఒకటిన్నర టన్నుల బండి.
రెండోది ఐదుంబావు, మూడున్నర టన్నులు.
మూడోది ఏడున్నర అడుగులు. దాని బరువు అడగలేదు.

ఫోనులో ఇశ్రాయేలు చెప్పిన లెక్కలివి.
"ఎన్ని కుంచాల తోటో నాకెందుకండి,
ఏ దారమ్మట రానిత్తారో అది సెప్పండి ముందు"
అన్నాడు.

పొద్దున్నించీ ఆ మట్టని నడిపిస్తున్నాను
అడ్డంగా పట్టుకుని, రెండు చేతులా,
పుంత మీంచి, తూము మీంచి,
గనిరాజు ప్రహరీకీ కరెంటు స్తంభానికీ నడుమ నుంచి.
మూడో గాటు అక్కడే సున్నం గీరింది.
"ఏంటక్కా, మట్టకి పెళ్ళా? ఊరేగిస్తున్నావు"
అరుగు మీంచి గనిరాజు.

నవ్వనీ.
నిరుడు అతని తోటలోకి పెద్ద పొక్లెయిన్ దిగింది,
అద్దె ఎక్కువైనా పని అరపూటలో తెమిలిపోతుందని.
అరపూటలోనే తెమిలింది, అబద్ధమెందుకు.
తూము రెండు ముక్కలైంది.
బోదె తవ్వమంటే కాలవ తవ్వింది.
వెనక్కి తిరిగినప్పుడల్లా దాని పిరుదు తగిలి
ఓ చెట్టు మొదలు చెక్కుకుపోయింది.
కొబ్బరిచెట్టు అప్పటికప్పుడు ఏమీ అనదు.
ఆర్నెల్లాగి పిందెలు రాల్చి చెబుతుంది
అర్ధరాత్రి, వంటింటి రేకుల మీద.

అయితే చిన్నదే మేలు, మొదటి గాటే ఖాయం అనేశాను.
ఇశ్రాయేలు ఒప్పుకోలేదు.
మోటారు సైకిలు మీద వచ్చి
చెప్పులు విడిచి, బోదె గట్టున మడమతో నొక్కి చూశాడు.
గుంటలో నీరు మెల్లగా కళ్ళు తెరిచింది.
కాలవలు కట్టేసిన నెలండి అది, అయినా.
"సిన్నదాని సెయ్యి అవతలి గట్టుకి అందదండి.
అందక అంచుకి జరుగుద్ది.
మీ అంచేమో పెరుగన్నం."

వాన పడేలోగా మురుగు దిగాలి.
పార పట్టే ఆరుగురిలో
నలుగురు రొయ్యల చెరువుల కాపలాకి పోయారు,
ఒకడికి నడుము, ఒకడికి పెద్ద కూతురి పురుడు.
నాన్న ఈ తోట నాటినప్పుడు
నీడకి లెక్కేశాడు, నీటికి లెక్కేశాడు,
చెట్టుకీ చెట్టుకీ పాతికడుగులు వదిలాడు.
ఆ పాతికలో నేను కోకో పెట్టాను, అరటి పెట్టాను,
ఓ మూల కంద కూడా.
నడిచే దారంటూ మిగిలింది నా ఒంటి వెడల్పే.

ఆ వరసలో అరటి మూడు మోళ్ళు తీసేశాను.
మళ్ళీ మట్ట నడిపించాను.
రెండో గాటు పట్టింది,
స్తంభం దగ్గర అటూ ఇటూ నాలుగేసి వేళ్ళు మిగిలి.

గురువారం వచ్చింది పసుపుపచ్చ బండి,
రబ్బరు పట్టీల మీద, పెళ్ళివారి గుమ్మంలో కొత్త అల్లుడిలా
అడుగు తీసి అడుగేస్తూ.
తూము మీద తాటిపలకలు పరిచాం.
గనిరాజు అరుగు దిగి స్తంభం పక్కకొచ్చి నిలబడ్డాడు,
గోడకి తగిలితే అనడానికి.
తగల్లేదు.

సాయంత్రానికి బోదె పారింది,
నల్లగా, పాత ఆకుల వాసనతో.
తూర్పు మూల మాత్రం ఇశ్రాయేలు బకెట్ పైకెత్తి ఆగిపోయాడు.
రెండు చెట్ల వేళ్ళు అక్కడ అల్లుకున్నాయి.
"ఈ రెండు బారలూ పారతో తీయించుకోండి.
దీనికి సరిపడా బండి నా దగ్గర లేదు."
గంటన్నర అద్దె తగ్గించుకున్నాడు.

ఆ రెండు బారలూ నేనే తీస్తున్నాను,
రోజుకింత.

నిన్న పొద్దుగూకి గనిరాజు వచ్చాడు.
అరుగు మీద మాట్లాడినంత గట్టిగా మాట్లాడలేదు.
మట్ట ఓసారి కావాలన్నాడు,
పొయ్యిలో పెట్టెయ్యలేదు కదా అన్నాడు.
పశువుల సావిట్లోంచి తెచ్చి
రెండో గాటు మీద అతని బొటనవేలు పెట్టించి ఇచ్చాను.