ఇంకోసారి

పొద్దున ఎనిమిదికే యంత్రానికి గాలి తాపుతాను.
మూడు లీటర్ల సిరంజి, మూడు సార్లు.
సరిగ్గా మూడేనని అది ఒప్పుకున్నాకే
మనుషుల్ని లోపలికి పిలుస్తాను.

రాస్ అల్ ఖైమా. కిటికీ అవతల
కొండను తొలిచే చోట పొగమంచు లాంటిది లేస్తుంది.
పొగమంచు కాదు.
ఏసీ మీద రోజూ తుడుస్తాను, రోజూ ఉంటుంది.

లింబాద్రి. క్రషర్, రెండో షిఫ్టు.
వయసు నలభై ఒకటి, ఎత్తు నూట అరవై ఏడు.
ఈ రెండూ నొక్కితే చాలు,
అతనికెంత ఊపిరి ఉండాలో యంత్రమే చెబుతుంది:
మూడు పాయింట్ నాలుగు.
భీంగల్ పక్క బావుల్లో
జారిపడ్డ బిందెల కోసం మునిగితే
పైనున్నవాళ్లు నూట ఇరవై లెక్కపెట్టినా
తేలేవాణ్ని కాదని అతను చెప్పిన మాట
ఎక్కడ నొక్కాలో నాకు తెలీదు.

ముక్కుకు క్లిప్పు. నోట్లో అట్టగొట్టం.
నా కడప గొంతు లేస్తుంది:
"పీల్చు, పీల్చు, పీల్చన్నా... ఇంగ ఊదు!
ఊదు ఊదు ఊదు, ఆపాకు, ఇంకా ఉంది, ఇంకా ఉంది..."
ఆరు సెకండ్లు.
అతని మెడ నరాలు, నా మెడ నరాలు.
వరండాలో వరసగా కూర్చున్నవాళ్లు కూడా
తెలీకుండానే ఊదుతుంటారు.

రెండు పాయింట్ మూడు ఒకటి.

"రాత్రి రూముల గ్లౌజులు ఊదుకుంట పండుకోలే మేడం,
ఆరుగురం. బర్రె పొదుగు లెక్క ఉబ్బినయి."
నవ్వబోయి దగ్గాడు.
దగ్గుకు వంకరపోయిన గీత లెక్కలోకి రాదు.
ఇంకోసారి.

రెండు పాయింట్ రెండు తొమ్మిది.
అందులో మొదటి సెకండుకే ఒకటి పాయింట్ తొమ్మిది.
నిష్పత్తి బాగుంది, దారుల్లో అడ్డేం లేదు.
వచ్చిన జీతం వచ్చిన రోజే పంపేసినట్టు
ఉన్నదంతా ముందే ఇచ్చేస్తున్నాడు.
సంచే చిన్నదయింది.

"తక్కువొస్తే పంపిస్తరా మేడం?"
కొలవడం నా పని. సంతకం డాక్టరుది.
ఆ తర్వాతది కంపెనీది.
ఇది అరబ్బీలో చెప్పగలను, హిందీలో చెప్పగలను.
తెలుగులో నోరు రాలేదు.

బదులుగా ఇంకేదో చెప్పాను:
ఎంత ఊదినా, చివరికంటా పిండినా
లోపల లీటరుకు పైనే మిగులుతుందన్నా.
పుట్టి ఏడ్చిన రోజు చేరింది.
అది ఉండబట్టే గోడలు అంటుకుపోవు.
ఈ యంత్రానికి అది కనపడదు.

గొట్టాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు.
"బావి అడుగున గదే ఉంటుండె గావచ్చు," అన్నాడు.
"ఇగ ఊపిరంత ఒడిసిందనుకున్నంకనే
బిందె చేతికి తాకేది."

క్లిప్పు ఈసారి
తనే పెట్టుకున్నాడు.